ప్రేరణార్థకం

...అయినా కేక ముందా, బస్తా ముందా అన్న సంగతి ఇంకా తేలలేదు. ఆరేళ్లయింది. రెండు వందల పద్నాలుగు రికార్డింగులున్నాయి. మిర్చి యార్డులో బస్తాలెత్తేవాళ్లవి, రేవులో పడవలు ఒడ్డుకి లాగేవాళ్లవి, కరెంటు స్తంభాలు నిలబెట్టేవాళ్లవి, ఒకసారి ఎదురింటి మూడో అంతస్తుకి బీరువా మోసిన నలుగురివి కూడా. అన్నిట్లోనూ కేక ఉంది. అన్నిట్లోనూ బరువు లేచింది. కేక వల్ల బరువు లేచిందా, బరువు వల్ల కేక లేచిందా? అది తేలితే ముగింపు అధ్యాయం రాయొచ్చు. తేలకపోతే...

తేలకపోతే అన్న చోటికి వచ్చేసరికి పరంజ్యోతి ఆలోచన ఎప్పుడూ పక్కదారి పట్టేది. పెన్నులో సిరా ఉందో లేదో చూడాలనిపించేది, లేదా హాస్టల్లో ఆరేసిన దుప్పటి గుర్తొచ్చేది. ఈసారి అంత వ్యవధి దొరకలేదు. పక్క కుర్చీ అమ్మాయి ఆమె మణికట్టు పట్టుకుని పైకెత్తింది.

"అక్కా, చెయ్యెత్తాలి. లెక్కేస్తున్నారు."

మధ్యాహ్నం మూడున్నర. సెనేట్ హాలులో రెండు వందల ముప్పై ఆరు మంది పరిశోధక విద్యార్థులు కుడిచేతులు పైకెత్తి కూర్చుని ఉన్నారు. వేదిక మీద, ఉదయిస్తున్న సూర్యుడి ఫ్లెక్సీ ముందు, డాక్టర్ వేదగిరి గారు మైకు పట్టుకుని ఉన్నారు.

"మనం ఏం చేయగలం?"

"రాయగలం!" అంది హాలు.

"నాకు వినపడలేదు!"

"రాయగలం!"

కిటికీల పైన సజ్జ మీద వరసగా కూర్చున్న కాకులన్నీ ఒక్కసారి లేచి, గాల్లో ఒక చుట్టు తిరిగి, మళ్లీ వచ్చి వాటి చోట్లలో అవి కూర్చున్నాయి. వాటికీ ఈ మూడు వారాల్లో అలవాటైపోయింది. నాలుగున్నర లోపల ఇంకా పదకొండు సార్లు లేవాలి.

ఈ ఏర్పాటు వెనక ఒక చరిత్ర ఉంది. జనవరిలో వైస్ చాన్సలర్ గారు ఒక కొండ మీద హోటల్లో జరిగిన మూడు రోజుల సదస్సుకి వెళ్లొచ్చారు. వెళ్లేటప్పుడు, తమ విశ్వవిద్యాలయంలో ఇన్ని థీసిస్‌లు ఎందుకు పూర్తి కావడం లేదో ఆయనకు తెలియదు. వచ్చేటప్పటికి తెలిసింది. లైబ్రరీ రెండో అంతస్తులో వానాకాలం గొడుగు వేసుకుని చదువుకోవలసి రావడం కారణం కాదు. ప్రయోగశాలకి తెప్పించిన యంత్రం తొమ్మిదేళ్లుగా చెక్కపెట్టెలోనే ఉండి, పెట్టె మీద ప్యూన్లు టీ గ్లాసులు పెట్టుకోవడం కారణం కాదు. ఇచ్చిన అధ్యాయాన్ని గైడ్లు ఏడాది దాకా తెరవకపోవడం అంతకంటే కాదు. కారణం ఒక్కటే. మరునాడే సర్క్యులర్ వచ్చింది:

"ఇందుమూలముగా సమస్త పరిశోధక విద్యార్థినీ విద్యార్థులకు తెలియజేయడమేమనగా, సిద్ధాంత గ్రంథ రచనయందు జాప్యమునకు ప్రేరణ లోపమే ఏకైక కారణమని ఉన్నత స్థాయిలో నిర్ధారణ అయినందున, ఫిబ్రవరి ఒకటవ తేదీ మొదలుకొని ప్రతి పనిదినమున మధ్యాహ్నం మూడున్నర గంటల నుండి నాలుగున్నర గంటల వరకు అందరును సెనేట్ హాలునందు విధిగా ప్రేరణ పొందవలెను. పొందనివారిపై చర్యలు తీసుకొనబడును."

చర్యల సంగతి అందరికీ అర్థమైంది. ప్రేరణ సంగతి మాత్రం వేదగిరి గారికి అప్పగించారు. ఆయన అంతకుముందు క్యాంపస్‌లో ఉద్యానవనాలు, వాహనాలు చూసేవారు. కొత్త హోదా పేరు ప్రేరణాధికారి. హాలు గుమ్మం దగ్గర వేలిముద్ర యంత్రం పెట్టించారు. లోపలికి వచ్చేటప్పుడు ఒకసారి, ప్రేరణ పొంది బయటికి వెళ్లేటప్పుడు ఒకసారి వేలు పెట్టాలి.

పరంజ్యోతి మనస్తత్వ శాస్త్ర శాఖలో ఆరో ఏడు విద్యార్థిని. వయసు ముప్పై నాలుగు. బరువు పనుల్లో మనుషులు వేసే కేకల మీద ఆమె పరిశోధన. అయిదు అధ్యాయాలు అయిపోయాయి. మిగిలింది ముగింపు ఒక్కటే. మార్చి ముప్పై ఒకటి లోపల అది కూడా కట్టి ఇవ్వకపోతే నమోదు రద్దయిపోతుంది. ఆరేళ్ల మధ్యాహ్నాలు, యార్డులో ఘాటుకి తుమ్మిన తుమ్ములు, టేపులు, అయిదు అధ్యాయాలు, అన్నీ చిత్తు కాగితాలవుతాయి.

తను ఎందుకు రాయడం లేదో పరంజ్యోతికి తెలుసు. ఆమె చదువుకున్న చదువే అది. ముగింపు రాస్తే ఇక ముగిసిపోతుంది. 'ఏం చేస్తున్నావు' అని ఎవరైనా అడిగితే 'రాస్తున్నాను' అనే జవాబు పోతుంది. ఆ జవాబులో ఆరేళ్లుగా ఆమె కాపురముంది. ఇదంతా ఆమె ఒక నోటు పుస్తకంలో చక్కగా విశ్లేషించి రాసుకుంది కూడా. ఆ విశ్లేషణ నలభై పేజీలు వచ్చింది. ముగింపు అధ్యాయం మాత్రం ఏడాదిగా ఒక్క పేజీ కూడా రాలేదు. తన మనసు చేసే ప్రతి మోసాన్నీ ఆమె పట్టుకునేది. పట్టుకున్నందుకు సంతోషపడి ఆ పూటకి పని మానేసేది.

చిత్రమేమిటంటే, అంతకాలం రాని ఆ ముగింపు పేజీలు చివరికి సెనేట్ హాలులోనే మొదలయ్యాయి. రెండో వారంలో ఒకనాడు, రాయగలం రాయగలం అని చుట్టూ అరుస్తుండగా, విసుగుపుట్టి ఒళ్లో పుస్తకం పెట్టుకుని ఏదో గీసింది. అది వాక్యమైంది. దాని కింద ఇంకొకటి వచ్చింది. అక్కడ ఆమె రాయాలని ఎవరూ అనుకోవడం లేదు. అరిస్తే చాలు. ఆ నిశ్చింతలో పెన్ను తన దారిన తాను పోయింది. మూడో వారం పూర్తయ్యేసరికి పదకొండు పేజీలయ్యాయి.

ఈవేళ పన్నెండోది. చెయ్యి కిందికి దించి మళ్లీ ఒళ్లోని పుస్తకం మీదికి వంగింది. యార్డులో సాంబయ్య అన్న మాట దగ్గర ఆగింది. సాంబయ్య హమాలీ ముఠాకి పెద్ద, అరవై దాటిన మనిషి. 'మీరు అరిచి ఎత్తుతారా, ఎత్తి అరుస్తారా' అని ఆమె నాలుగేళ్ల కిందట అడిగితే తలగుడ్డ విప్పి మొహం తుడుచుకుంటూ నవ్వాడు. "ఏందమ్మాయ్ నీ ప్రశ్న? చెయ్యెయ్యకుండా అరిస్తే కాకులు లేస్తయ్, బస్తా లేవదు" అన్నాడు. ఆమె దాన్ని రాసుకుని, నాలుగో అనుబంధంలో 'హాస్యోక్తులు' అనే శీర్షిక కింద చేర్చింది.

"ఏంటమ్మా అది?"

తలెత్తింది. వేదగిరి గారు వేదిక దిగి వచ్చి ఆమె వరస పక్కనే నిలబడి ఉన్నారు. మైకు ఇంకా చేతిలోనే ఉంది.

"రాసుకుంటున్నానండీ."

"ఏం రాసుకుంటున్నారు?"

"థీసిసండీ."

మైకు ఆ మాటని హాలంతా వినిపించింది. రెండు వందల ముప్పై అయిదు మంది ఇటు తిరిగారు.

"ప్రేరణ సమయంలో," అన్నారు వేదగిరి గారు, ఒక్కొక్క మాటా విడదీసి, "థీసిస్ రాస్తున్నారా?"

పుస్తకం అక్కడికక్కడే స్వాధీనమైంది.

*

విచారణ మార్చి మొదటి వారంలో జరిగింది. బల్లకి అటువైపు ముగ్గురు కూర్చున్నారు. వేదగిరి గారు మధ్యలో. ఆయనకు కుడివైపు పరంజ్యోతి గైడు ఆచార్య సూర్యప్రకాశం. ఆయన ముప్పై ఒకటో తేదీనే రిటైరవుతున్నారు, అప్పటిదాకా ఎవరితోనూ మాట పడకూడదని నిశ్చయించుకున్నారు. ఎడమవైపు తెలుగు శాఖ నుంచి ఆచార్య శేషాచార్యులు. ప్రతి విచారణ సంఘంలోనూ ఒక తెలుగు ఆచార్యుడు ఉండాలని నిబంధన. తీర్మానంలో అక్షరదోషాలు దిద్దడానికి.

"నియమావళి ఏడవ అంశం," అని వేదగిరి గారు చదివారు, "ప్రేరణ పొందుటకు పూర్వము చేయు రచన అనధికార రచనగా పరిగణింపబడును. అమ్మా, సూటిగా అడుగుతున్నాను. ఈ పదకొండు పుటలు రాసే సమయంలో మీరు ప్రేరణలో ఉన్నారా, లేరా?"

ఉన్నానంటే సరిపోయేది. కానీ మనసులో ఏముందని అడిగితే నిజంగా వెతికి చూడడం పరంజ్యోతికి వృత్తిరీత్యా అబ్బిన జబ్బు. ఒక నిమిషం కళ్లు మూసుకుని ఆ మధ్యాహ్నాలను గుర్తు చేసుకుంది.

"లేనండీ. కాస్త విసుగ్గా ఉంది. ఎడమ కాలు తిమ్మిరెక్కింది. పెన్ను కదులుతోంది. అంతే."

గుమాస్తా రాసుకున్నాడు: తిమ్మిరి, ఎడమ.

"చూశారా!" అన్నారు వేదగిరి గారు కుర్చీలో వెనక్కి వాలుతూ. "ఆమే ఒప్పుకున్నారు. ప్రేరణ లేకుండా పదకొండు పుటలు! ఇంకా నయం, ఇక్కడే పట్టుకున్నాం. ఇంతకీ ఆ ముందు అయిదు అధ్యాయాలు?"

"అవి కూడా చాలావరకు తిమ్మిరితోనేనండీ," అంది పరంజ్యోతి.

సూర్యప్రకాశం గారు గట్టిగా దగ్గారు. ఆయన దగ్గుకి 'నోరు మూసుకో' అని అర్థమని శాఖలో అందరికీ తెలుసు.

అక్కడితో ఆగితే ఒక హెచ్చరికతో పోయేదే. కానీ గుమాస్తాకి ఒక సందేహం వచ్చింది. తీర్మానంలో 'ప్రేరణ' అన్న చోట నిర్వచనం ఇవ్వాలా అని అడిగాడు. లేకపోతే ఆడిట్‌లో అభ్యంతరం వస్తుందన్నాడు. వేదగిరి గారు గైడు వైపు తిరిగారు.

"మీ సబ్జెక్టే కదండీ. చెప్పండి, ప్రేరణ అనగా ఏమి?"

"మా శాస్త్రంలో ప్రేరణకి ప్రస్తుతానికి పదకొండు నిర్వచనాలున్నాయండి," అన్నారు సూర్యప్రకాశం గారు. "మూడోది అయిదోదాన్ని ఖండిస్తుంది. ఎనిమిదోదాన్ని రాసినాయనే తర్వాత ఉపసంహరించుకున్నారు."

"ఒక్క వాక్యంలో కావాలండి. వీసీ గారు రెండో వాక్యం వినరు."

శేషాచార్యులు గారు గోడ గడియారం చూశారు. అయిదు గంటలయింది. అయిదు పదికి సిటీ బస్సు. అది పోతే మళ్లీ ఆరున్నరకే. ఆయన ఇంతసేపూ మాట్లాడలేదు. ఇప్పుడు పంచె కొంగు సర్దుకుంటూ లేవబోతున్నట్టుగా అన్నారు:

"మా వ్యాకరణంలో అయితే ఒకటే అర్థమండీ, ఏ తగాదా లేదు. తాను చేస్తే అది ఉత్త క్రియ. ఇంకొకళ్ల చేత చేయిస్తే ప్రేరణార్థకం. చేయు, చేయించు. కట్టు, కట్టించు. వ్రాయు, వ్రాయించు. చివర 'ఇంచు' వచ్చి చేరితే ప్రేరణ వచ్చినట్టే."

వేదగిరి గారు ముందుకు వంగారు. ఆయన మొహంలో మెల్లగా ఒక వెలుగు పాకింది. ఫ్లెక్సీలోని సూర్యుడికీ ఆయనకీ మొట్టమొదటిసారి పోలిక కుదిరింది.

"అంటే ఈమె స్వయంగా రాస్తూ దొరికారు కాబట్టి..."

"ఉత్త క్రియండీ."

"ప్రేరణ లేదు!"

"వ్యాకరణరీత్యా లేదు."

"ఉంటే ఏం చేసేవారు?"

"రాయించేవారు," అన్నారు శేషాచార్యులు గారు, చెప్పుల కోసం బల్ల కింద కాలితో వెతుక్కుంటూ.

"అది వ్యాకరణం మాట సార్," అని సూర్యప్రకాశం గారు ఎంతో కష్టం మీద నోరు తెరిచారు. "మనసు సంగతికొస్తే..."

"మీవి పదకొండు, వారిది ఒకటి," అని వేదగిరి గారు గుమాస్తా వైపు తిరిగారు. "రాసుకోవయ్యా!"

శేషాచార్యులు గారికి బస్సు దొరికింది.

వరండాలోకి వచ్చాక సూర్యప్రకాశం గారు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "అమ్మాయ్, ప్రేరణలో ఉన్నానని ఒక్క మాట అనలేకపోయావా? నేను ముప్పై రెండేళ్లుగా అంటున్నాను. ఏమైనా అయిందా నాకు?"

పరంజ్యోతి ఆయన వైపు చూసింది. ఏమైందో చెప్పాలంటే చాలా ఉంది.

*

రెండో సర్క్యులర్ మార్చి పదిన వచ్చింది.

"ఇందుమూలముగా స్పష్టపరచడమేమనగా, ప్రేరణ అనగా ఇతరులచేత చేయించుట. కావున ప్రేరితుడగు పరిశోధకుడు సిద్ధాంత గ్రంథమును వ్రాయువాడు కాడు, వ్రాయించువాడు. స్వయముగా వ్రాయుట కూలిపనిగా పరిగణింపబడును. పరిశోధకులెవరైనను స్వహస్తముతో వ్రాయుచు పట్టుబడినచో వారి నమోదు రద్దు చేయబడును."

దాని కింద ఒక నమూనా జతపరిచారు. పరంజ్యోతి పుస్తకంలోని పదకొండు పేజీలవే నకళ్లు. ప్రతి పేజీ మీదా అడ్డంగా 'అప్రేరితము' అని ఎర్రటి ముద్ర. పైన 'ఇట్లు వ్రాయరాదు' అనే శీర్షిక. ఆమె రాసినదాన్ని క్యాంపస్‌లో ఇంతమంది చదవడం అదే మొదటిసారి. కొందరు బాగుందని కూడా అన్నారు, గొంతు తగ్గించి.

ఉత్తర్వు ఎంత బాగా పనిచేసిందంటే, వారం తిరిగేలోపల విశ్వవిద్యాలయం మొత్తం ప్రేరితమైపోయింది. పరిశోధకులు రాయించసాగారు. గైడ్లు దిద్దించసాగారు. లైబ్రేరియన్ తను చదవడం మానేసి, ఎవరు దొరికితే వాళ్ల చేత చదివించుకుంటూ కళ్లు మూసుకుని కూర్చునేవాడు. కాపలా సుబ్బారాయుడు గేటు దగ్గర నిలబడడం కూలిపనే కదా అని ఐస్‌క్రీం బండి మనిషిని నిలబెట్టి తను బండి మీద కూర్చున్నాడు. మెస్సులో వంట మేస్త్రి గరిటె కింద పెట్టి, వండించడానికి మనిషి కోసం ఎదురుచూశాడు. ఆ మనిషి కూడా ఇంకొకళ్ల చేత వండించడానికి వెళ్లాడు. రెండు రోజులు మధ్యాహ్నం అన్నం లేదు. మూడో రోజు వేదగిరి గారు వచ్చి, ఇది పరివర్తన దశ అని, పరివర్తన దశలో ఆకలి సహజమని చెప్పించారు. అవును, చెప్పలేదు. డ్రైవరు చేత చెప్పించారు.

వైస్ చాన్సలర్ గారు సంతకాలు కూడా పెట్టించడం మొదలుపెట్టారని వినికిడి. అయితే అది అంతకుముందు నుంచే ఉందని ఆఫీసులో పాతవాళ్లు అన్నారు.

ఈ ప్రేరణంతా చివరికి చేరవలసిన చోటు ఒకటుంది. మెయిన్ గేటు ఎదురుగా ఖాజావలి జిరాక్స్ దుకాణం. ఇరవై ఏళ్లుగా అక్కడ టైపు, బైండింగు చేస్తారు. తెర వెనక వేరే పనులు కూడా చేస్తారని, చదువుకోనివాళ్లకి చదువుకున్నట్టు రాసిపెడతారని అందరికీ తెలుసు. ఇప్పుడా తెర తీసేశారు. దుకాణం మీద విశ్వవిద్యాలయం తరఫున కొత్త బోర్డు పెట్టారు: 'అధీకృత ప్రేరణ భాగస్వామి'. ఖాజావలి ఆ బోర్డు కింద బిక్కమొహం వేసుకుని నిలబడేవాడు.

"ఇన్నేళ్లూ తెర వెనక చేసిన దొంగతనాన్ని ఇలా బోర్డెట్టి చేయమంటే చెయ్యాడదు మేడమ్," అన్నాడు పరంజ్యోతి వచ్చినప్పుడు. "చాటుగా ఉన్నప్పుడు ఒక మర్యాద ఉండేది."

ఆమె మార్చి పందొమ్మిదిన వచ్చింది. అంతకుముందు రోజు సూర్యప్రకాశం గారు పిలిచి, "ఇంకా పదమూడు రోజులే. రాయించెయ్, అమ్మాయ్. నీ పేరే ఉంటుందిగా అట్ట మీద" అన్నారు. పరంజ్యోతి చేతిలో ఒక కవరు. అందులో అయిదు అధ్యాయాల నకలు, రికార్డింగుల పెన్‌డ్రైవ్, ఆఖరి అధ్యాయంలో ఏం రావాలో రాసిన ఒక కాగితం, అడుగున ఆ ఎర్రముద్రల పదకొండు పేజీలు. ఖాజావలి కవరుకి ఒక ఫారం కుట్టాడు. ఫారంలో మూడు గళ్లు: వ్రాయించువారు, ద్వారా, కూలి. మొదటి గడిలో ఆమె సంతకం పెట్టింది.

"మంచి చేతిలో పెడతాను. మీరు నిశ్చింతగా ఉండండి," అన్నాడు ఖాజావలి.

బయటికి వచ్చి రోడ్డు దాటేటప్పుడు తనకు సిగ్గేస్తుందనుకుంది. దానికోసం సిద్ధపడి ఉంది. సిగ్గు రాలేదు. భుజాలు తేలికయ్యాయి. ఏడాదిగా లేనంత ఆకలి వేసింది. గేటు దగ్గర ఐస్‌క్రీం బండి మీద కూర్చున్న సుబ్బారాయుడి దగ్గర ఒక కప్పు కొనుక్కుని అక్కడే నిలబడి తినేసింది. తింటూ తింటూ ఆగిపోయింది. ఈ హాయి ఎవరిది? ఆరేళ్లు మోసిన మనిషికి బస్తా దించితే వచ్చే హాయా? అసలు ఎత్తకుండానే దించేసిన హాయా? రెండో దాని రుచి ఇలాగే ఉంటుందా? ఐస్‌క్రీం కారి వేళ్ల మీదికి వచ్చింది. జవాబు తెలుసు. అందుకే భయం వేసింది.

*

మార్చి ఇరవై తొమ్మిది. మధ్యాహ్నం. మనస్తత్వ శాస్త్ర శాఖ వరండాలో పాత డెస్కు ముందు పరంజ్యోతి కూర్చుని ఉంది. పని ఏమీ లేదు. పరిశోధకులు ప్రేరితులయ్యాక కూర్చోవడం తప్ప పని ఏముంటుంది? ఖాజావలి చెమట తుడుచుకుంటూ మెట్లెక్కి వచ్చాడు. చంకలో కవరుంది. పది చేతులు మారినట్టుగా మూలలు నలిగిపోయి ఉంది.

"కాసిని మంచినీళ్లుంటే ఇప్పించండి మేడమ్. వద్దు, ఇప్పించొద్దు. ఇవ్వండి. ఈ ఇంచు దెబ్బకి దాహం కూడా తీరట్లేదు."

ఆమె సీసా అందించింది. సగం తాగి, మిగతాది నెత్తిన పోసుకున్నాడు.

"ఒక చిక్కొచ్చి పడింది మేడమ్. నాకూ ప్రేరణ సర్టిఫికెట్టు ఉండాలన్నారు. ఉంటే నేను రాయకూడదు, రాయించాలి. సరేనని మా టైపిస్టుకిచ్చా. వాడికీ సర్టిఫికెట్టిచ్చారు. వాడు కాంట్రాక్టు లెక్చరర్ ఒకాయనకిచ్చాడు. ఆయన హాస్టల్లో ఎవరికో ఇచ్చాడు. అక్కణ్ణించి కెమిస్ట్రీకి పోయింది, అక్కణ్ణించి వేదగిరి సార్ ఆఫీసుకి పోయింది..."

"వేదగిరి గారి ఆఫీసుకా?"

"ఆయన వార్షిక నివేదిక కూడా రాయించాలిగా, రెంటికీ కలిపి ఒక మనిషిని చూడమని నాకే పంపించారు. తిరిగి తిరిగి మళ్లీ నా కౌంటరు మీదికే వచ్చింది, చూడండి." ఫారం విప్పి చూపించాడు. 'ద్వారా' అనే గడిలో తొమ్మిది సంతకాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. 'కూలి' అనే గడి ఖాళీ. "రెండు రోజులే ఉంది. క్యాంపస్ అంతా గాలించా. రాయించేవాళ్లే అందరూ. రాసే మనిషి ఒక్కడు లేడు."

"మరి నా దగ్గరికి ఎందుకు వచ్చావు ఖాజావలీ?"

అతను తల గోక్కున్నాడు. "రాస్తూ పట్టుబడింది మీరొక్కరే కదా మేడమ్."

పరంజ్యోతికి నవ్వొచ్చింది. ఏడాదిలో మొదటిసారి, గమనించుకోకుండా వచ్చిన నవ్వు. కవరు దగ్గరికి లాక్కుంది. తన అయిదు అధ్యాయాలు, తన పెన్‌డ్రైవ్, తను రాసిచ్చిన కాగితం. ఎవరూ తెరిచినట్టు లేదు. కాగితం మడత కూడా చెదరలేదు. అడుగున, 'ఇట్లు వ్రాయరాదు' అన్న పదకొండు పేజీలు.

"ఇది నాదే. నీకు తెలుసుగా?"

"తెలీకేం?"

"నేను చేత్తో రాస్తే నమోదు పోతుంది."

"మీరు రాయట్లేదు మేడమ్, మీరు రాయిస్తున్నారు. ఇదుగో, పై గడిలో మీ సంతకం. నేను ద్వారా. ఇక కూలి ఎవరో ఒకరు కావాలి. అక్కడ మీ పేరే రాసేయండి."

"పైన పరంజ్యోతి, కింద పరంజ్యోతి. ఎవరైనా చూస్తే?"

"కింది గడి ఎవడు చదువుతాడు మేడమ్? కూలోళ్ల పేరు ఎప్పుడైనా ఎవరైనా చదివారా?"

అతను మామూలుగానే అన్నాడు. పరంజ్యోతి మాత్రం తన థీసిస్ మొదటి పేజీలు తిరగేసింది. రెండు వందల పద్నాలుగు రికార్డింగుల జాబితా. తేదీ, స్థలం, బరువు, కేక. అరిచిన మనిషి పేరుకి గడి లేదు. సాంబయ్య పేరు ఎక్కడుందో తనకి తెలుసు కాబట్టి వెనక్కి తిప్పింది. నాలుగో అనుబంధం, హాస్యోక్తులు, 'ఒక హమాలీ'.

ఫారం తీసుకుని 'కూలి' అనే గడిలో తన పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా రాసింది.

"బాగుంది," అన్నాడు ఖాజావలి. "ఎప్పటికిస్తారు?"

"ఇక్కడే కూర్చో."

అతను వరండా స్తంభానికి ఆనుకుని గొంతుక్కూర్చున్నాడు. మూడున్నరయింది. పరంజ్యోతి ఈవేళ అటు వెళ్లలేదు. ఎదురుగా సెనేట్ హాలు తలుపులు మూశారు. వేలిముద్ర యంత్రం చివరి చప్పుడు చేసింది.

"మనం ఏం చేయగలం?"

"రాయించగలం!"

సజ్జ మీది కాకులన్నీ లేచాయి.

పరంజ్యోతి వాటిని చూసింది. ఒక్కటీ మిగలకుండా లేచి, తిరిగి, మళ్లీ వచ్చి కూర్చోవడం చూసింది. తనకి ఇప్పుడు ఎలా ఉందో వెతుక్కోబోయింది. ఉత్సాహమా, భయమా, పాత తిమ్మిరా? వెతుకుతూ కూర్చుంటే అది ఇంకో నలభై పేజీలు అవుతుందని తోచింది. వెతకడం మానేసి, తెల్లకాగితం ముందుకి లాక్కుని, దాని మీద చెయ్యి వేసింది.

'ఆరవ అధ్యాయం. చెయ్యి వేయకుండా అరిస్తే కాకులు లేస్తాయి, బస్తా లేవదు అని యార్డులో హమాలీ ముఠా పెద్ద సాంబయ్య చెప్పాడు' అని రాసింది. పెన్ను ఆగలేదు. దాని కింద ఇంకొక వాక్యం మొదలైంది. అది బరువైన వాక్యం. రెండు వందల పద్నాలుగు రికార్డింగులూ దాని మీద ఉన్నాయి. దాన్ని మధ్య దాకా లాక్కొచ్చేసరికి ఆమె గొంతులోంచి 'హుఁ' అని ఒక చిన్న మూలుగులాంటి కేక బయటికి వచ్చింది.

ఖాజావలి తల తిప్పి చూశాడు. "ఏమన్నా అన్నారా మేడమ్?"

ఆమెకి వినపడలేదు. రాస్తోంది.